అమ్మానాన్నలకు స్మార్ట్‌ఫోన్: ఏది కొనాలి, ఎలా సర్ది ఇవ్వాలి

"నాన్నగారికి పదిహేను వేలలో మంచి ఫోన్ చెప్పండి" అని అడిగేవాళ్ళకి ఒక మోడల్ పేరు చెప్పి పంపించెయ్యడం తేలికే. కానీ ఆ మోడల్ ఏడాది తిరిగేసరికి షాపుల్లో ఉండదు. పైగా పెద్దవాళ్ళ ఫోన్ మూలపడటానికి మోడల్ కారణం కావడం అరుదు. మోగినప్పుడు ఎత్తడం రాకపోవడం, మాట్లాడుతుంటే చెంప తగిలి కాల్ మ్యూట్ అయిపోవడం, ఏదో నొక్కితే ఇంకేదో తెరుచుకుని భయం పుట్టడం, అసలు కారణాలు ఇవి. అందుకే ఇక్కడ కొనడం గురించి కొంత, కొన్నాక సర్దడం గురించి ఎక్కువ ఉంటుంది.

చెప్పేదంతా ఆండ్రాయిడ్ ఫోన్ల గురించే. సెట్టింగ్స్‌లో పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైభాగంలో ఉండే సెర్చ్‌లో ఆ మాట కొట్టండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వాళ్ళ పాత ఫోన్, అందులో నడుస్తున్న సిమ్
- మంచి వైఫై లేదా మీ ఫోన్ హాట్‌స్పాట్
- ఒక నోట్‌బుక్, లావు మార్కర్ పెన్ను, తెల్ల కాగితం
- ఛార్జర్ (చాలా ఫోన్ల పెట్టెలో ఇప్పుడు కేబుల్ ఒక్కటే వస్తోంది, కొనే ముందే అడగండి)
- రెండు మూడు గంటల తీరిక, వాళ్ళు పక్కన కూర్చుని ఉండగా

1. అసలు స్మార్ట్‌ఫోన్ కావాలా, తేల్చుకోండి

వాళ్ళకి కావాల్సింది కాల్స్ మాత్రమే అయితే కీప్యాడ్ ఫోన్‌ని మించింది లేదు. మనవల్ని వీడియోలో చూడాలి, భక్తి పాటలు, ప్రవచనాలు యూట్యూబ్‌లో వినాలి, వాట్సాప్‌లో ఫొటోలు రావాలి అనుకుంటేనే స్మార్ట్‌ఫోన్.

రెండిటికీ మధ్య దారి ఒకటుంది, దాన్ని తక్కువమంది వాడుకుంటున్నారు. బ్యాంకుకి ఇచ్చిన నంబరు సిమ్‌ని కీప్యాడ్ ఫోన్‌లోనే ఉంచి, స్మార్ట్‌ఫోన్‌లో వేరే సిమ్ వెయ్యడం. ఓటీపీలు కీప్యాడ్ ఫోన్‌కే వస్తాయి కాబట్టి స్మార్ట్‌ఫోన్‌లో దొంగ యాప్ పడినా వాటిని చదవలేదు. ఆ సిమ్ లేకుండా యూపీఐ యాప్ నమోదు కాదు కాబట్టి స్మార్ట్‌ఫోన్‌లో ఆ ఖాతాకి యూపీఐ కూడా ఉండదు. డెబ్బై దాటి, డబ్బు లావాదేవీలు పిల్లలే చూసుకునే ఇళ్ళలో ఇది చాలా మంచి ఏర్పాటు. రెండు ఫోన్లు మొయ్యాలనే విసుగు మాత్రం ఉంటుంది.

2. సాయం చేసేవాళ్ళ దగ్గర ఏ కంపెనీ ఫోన్ ఉందో అదే కొనండి

దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటే, ఊళ్ళో అమ్మకి ఫోన్ చూపించి అడగడానికి దొరికేది పక్కింటి అమ్మాయో, తమ్ముడో, మెడికల్ షాపు అబ్బాయో. వాళ్ళ చేతిలో ఉన్నది వివో అయితే అమ్మకీ వివోనే కొనండి. మీరు ఫోన్లో "కింద కుడివైపు పచ్చ బొమ్మ నొక్కమ్మా" అని చెప్పాలన్నా మీ దగ్గర అలాంటి ఫోనే ఉంటే పని సులువు. ఇంట్లో అందరూ ఐఫోన్ వాడేవాళ్ళయితే ఐఫోనే మేలు. అందులో ఐఓఎస్ 17 నుంచి అసిస్టివ్ యాక్సెస్ అని పెద్ద బొమ్మలతో నాలుగైదు పనులే కనిపించే ఏర్పాటు ఉంది.

సిమ్ విషయం కూడా ఇక్కడే చూసుకోండి. వాళ్ళు ఎక్కువసేపు గడిపే గదిలో, వంటింట్లో ఏ నెట్‌వర్క్‌కి సిగ్నల్ ఉందో మీ ఫోన్‌తో కాల్ చేసి చూడండి. వీధిలో బాగుంటే చాలదు.

3. కాగితం మీద చూడాల్సినవి

ర్యామ్ 6 జీబీ, స్టోరేజీ 128 జీబీ. 4 జీబీ ఫోన్ మొదట్లో బాగానే ఉంటుంది, ఏడాదికి నత్తనడకే. నొక్కినా వెంటనే కదలకపోతే పెద్దవాళ్ళు మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. ఆ నొక్కులన్నీ ఒకేసారి పనిచేసి ఎక్కడెక్కడో తెరుచుకుంటుంది. పెట్టె మీద "8 + 8" అని రాసి ఉంటే రెండో 8 నిజమైన ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తెచ్చుకునేది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

బ్యాటరీ 5000 ఎంఏహెచ్ చాలు. అంతకు మించితే బరువు పెరగొచ్చు. బరువు 200 గ్రాముల లోపే ఉండాలి, లేకపోతే అరగంట వీడియో కాల్‌కే మణికట్టు లాగుతుంది. తెర 6.5 నుంచి 6.7 అంగుళాలు, చదునుగా ఉండేది. అంచులు వంపు తిరిగిన తెర వద్దు, పట్టుకున్న అరచెయ్యే అంచుని నొక్కేస్తుంది.

వేలిముద్ర సెన్సర్ ఫోన్ అంచున ఉండే పవర్ బటన్‌లో ఉన్నదైతే తెర లోపల ఉండేదానికన్నా నయం. అయినా పొలం పని, ఇంటి పని చేసి గీతలు అరిగిపోయిన వేళ్ళకి ఏదీ సరిగ్గా పట్టదు. రేషన్ షాపులో వేలిముద్ర పడక ఇబ్బందిపడేవాళ్ళకి ఫోన్‌లోనూ అంతే. దాని మీద ఆశ పెట్టుకోకుండా నాలుగంకెల పిన్ అలవాటు చెయ్యండి.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయో అడగండి. పెద్దవాళ్ళు ఫోన్ ఐదారేళ్ళు మార్చరు. సామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీ లాంటి మామూలు ధర ఫోన్‌కి కూడా ఆ కంపెనీ ఆరేళ్ళ అప్‌డేట్లు ప్రకటించింది. అదే ధరలో రెండేళ్ళకే ఆపేసేవీ ఉన్నాయి.

కెమెరా లెక్కలకి ఎక్కువ డబ్బు పెట్టకండి. "జీవన్ ప్రమాణ్ (పింఛనుదారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్) ముఖం చూపించి ఇవ్వాలి కదా" అంటారు కొందరు. అది మీ ఫోన్‌లోంచి వాళ్ళ ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు.

మీ పాత ఫోన్ ఇద్దామనుకుంటే, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్ళి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది కన్నా పాతదైతే అందులో బ్యాంకు యాప్‌లు వెయ్యకండి. ముందు మీ గూగుల్ ఖాతా తీసేసి ఆ తర్వాతే రీసెట్ చెయ్యండి. ఖాతా తియ్యకుండా చేస్తే రీసెట్ అయ్యాక పాత పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది.

4. షాపులో వాళ్ళ చేతికిచ్చి చూడండి

ఆన్‌లైన్‌లో కొనేదైనా సరే, ముందు ఒకసారి షాపుకి తీసుకెళ్ళి ఆ మోడల్‌ని వాళ్ళ చేతిలో పెట్టండి. మీరు ముట్టుకోవద్దు.

*చెంప పరీక్ష.* డెమో ఫోన్‌లో సిమ్ వేయించి కాల్ చెయ్యమనండి. చెవి దగ్గర పెట్టగానే తెర ఆరిపోవాలి, తియ్యగానే వెలగాలి. తక్కువ ధర ఫోన్లు కొన్నిటిలో ఇందుకోసం విడిగా సెన్సర్ ఉండదు, సాఫ్ట్‌వేర్ అంచనాతో నడిపిస్తారు. అది తప్పితే మాట్లాడుతుండగా తెర వెలిగే ఉంటుంది, చెంప తగిలి మ్యూట్, హోల్డ్ పడతాయి. "మావాడు మధ్యలో మాట్లాడటం ఆపేస్తాడు" అని పెద్దవాళ్ళు కొడుకు మీద అలిగే సందర్భాల్లో కొన్నిటికి మూలం ఇదే. నాలుగైదు సార్లు, ఫోన్‌ని కొంచెం వాల్చి కూడా పెట్టి చూడండి.

*పొడి వేళ్ళ పరీక్ష.* వయసుతో చర్మం పొడిబారితే తెర స్పర్శని గుర్తించదు. ఫోన్‌లో అంకెలు పది నొక్కించండి. రెండు మూడు పడకపోతే సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ పెంచి మళ్ళీ చూడండి. అయినా పడకపోతే ఆ ఫోన్ వద్దు. చవక టెంపర్డ్ గ్లాస్ వేస్తే ఇది ఇంకా ముదురుతుంది.

*వినికిడి.* షాపు గోలలో ఇయర్‌పీస్ మాట అర్థమవుతోందా? వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ళు దాన్ని పెట్టుకునే రావాలి. ఈల వేసినట్టు మోత వస్తే వేరే ఫోన్ చూడండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్ళయితే ఫోన్‌ని దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఎడమ చొక్కా జేబు అలవాటు మానాలి. వెనక అయస్కాంతం ఉండే కవర్లు, స్టాండ్లు వద్దు.

కొనేటప్పుడు *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) పెట్టె మీదా, బిల్లు మీదా ఒకటే ఉందో లేదో పోల్చండి. సెకండ్‌హ్యాండ్ అయితే టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ యాప్‌లో ఆ నంబరు కొట్టి, బ్లాక్ అయిన ఫోన్ కాదని నిర్ధారించుకున్నాకే డబ్బివ్వండి.

5. గూగుల్ ఖాతా మీరే తెరవండి

షాపులో కుర్రాడు "నేను పెట్టేస్తాను సార్" అని అప్పటికప్పుడు ఒక జీమెయిల్ సృష్టించి ఇస్తాడు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. రెండేళ్ళకి ఫోన్ పాడైతే కాంటాక్టులూ, వాట్సాప్ బ్యాకప్పూ ఆ ఖాతాతోనే పోతాయి. ఇది ఎంత మామూలు తప్పో చెప్పలేం.

ఖాతా ఇంట్లో తెరవండి. రికవరీ నంబరుగా మీది ఇవ్వండి. జీమెయిల్ అడ్రసు, పాస్‌వర్డ్, తెర పిన్ నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టండి. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం అందులో రాయొద్దు. ఫోన్ పోతే వెతకడానికి ఫైండ్ హబ్ ఆన్ చేసి, మీ కంప్యూటర్‌లో ఆ ఖాతాతో ఒకసారి ఫోన్‌ని మోగించి చూడండి.

6. తెర, శబ్దం

1. డిస్‌ప్లేలో ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు అని రెండు విడివిడిగా ఉంటాయి. రెండూ చివరిదాకా లాగకండి. ఫాంట్ ఎక్కువ, డిస్‌ప్లే మధ్యస్థం అయితే సరిపోతుంది. రెండూ పెంచితే బటన్ల మీద మాటలు సగం తెగిపోతాయి. తెలుగులో ఇది మరీ ఎక్కువ: ఒత్తులు కింద కోసుకుపోతాయి, "రద్దు చేయండి" కాస్తా "రద్దు చే..." దగ్గర ఆగిపోతుంది.
2. భాష: ఇంగ్లీషు అక్షరాలు బొత్తిగా రానివాళ్ళకే మెనూలు తెలుగులో పెట్టండి. కొద్దిగా వచ్చినా ఇంగ్లీషే ఉంచండి. సాయం చేసేవాళ్ళకి తెలుగు మెనూలో ఏది ఎక్కడుందో తెలియదు. కీబోర్డులో మాత్రం తెలుగు, దానితో పాటు మైకు గుర్తు నొక్కి మాట్లాడితే టైప్ అయ్యే ఏర్పాటు తప్పక పెట్టండి.
3. నావిగేషన్ మూడు బటన్లకి మార్చండి. వేలితో పక్కకి, పైకి తోసే జెశ్చర్లు వాళ్ళకి రావు. వచ్చినా చెయ్యి వణికితే తప్పు పడతాయి.
4. యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే పెంచండి. వేలు కాసేపు ఆనించి ఉంచే అలవాటున్నవాళ్ళ బొమ్మలు చెల్లాచెదురు కాకుండా ఉంటాయి.
5. అక్కడే "పవర్ బటన్ ఎండ్స్ కాల్" ఆన్ చెయ్యండి. ఎర్ర గుండ్రం కోసం వెతుక్కోకుండా పక్క బటన్ నొక్కితే కాల్ ముగుస్తుంది.
6. రింగ్‌టోన్‌గా సన్నటి గొంతు పాటలు, పక్షి కూతలు వద్దు. వయసుతో ముందు తగ్గేది సన్నటి శబ్దాల వినికిడే. పాత ల్యాండ్‌లైన్ గంట లాంటి మొద్దు శబ్దం పెట్టండి. వైబ్రేషన్ కలపండి. ఆండ్రాయిడ్ 14 నుంచి కాల్ వచ్చినప్పుడు ఫ్లాష్ వెలిగే ఏర్పాటు కూడా ఉంది.

సామ్‌సంగ్‌లో ఈజీ మోడ్, వేరే కంపెనీల్లో సింపుల్ మోడ్, లైట్ మోడ్ అని ఉంటాయి. ఒకసారి వేసి చూపించండి, నచ్చితే ఉంచండి. కొంతమంది "ఇదేంటి, పిల్లల బొమ్మలా ఉంది" అని తోసిపుచ్చుతారు. బలవంతం చెయ్యకండి, పై ఆరూ చేస్తే చాలావరకు అదే ఫలితం వస్తుంది.

7. మొదటి పేజీ, కాంటాక్టులు

మొదటి పేజీలో ఆరు బొమ్మలు చాలు: ఫోన్, వాట్సాప్, కెమెరా, గ్యాలరీ, యూట్యూబ్, టార్చి. మిగతావన్నీ పేజీ మీంచి తీసెయ్యండి. ఆ తర్వాత హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ లాక్ చెయ్యండి. లాక్ మర్చిపోతే వారంలో వాట్సాప్ బొమ్మ మాయమై "నా ఫోన్‌లో వాట్సాప్ పోయింది" అని కాల్ వస్తుంది. అదీ కాల్ చెయ్యడం వచ్చి ఉంటే.

కాంటాక్టులు సిమ్‌లో కాకుండా గూగుల్ ఖాతాలో దాచండి. పేర్లు వాళ్ళు పిలిచే పేర్లతో, తెలుగులో, ఫొటోతో: "పెద్దోడు", "చిన్నమ్మాయి అమెరికా", "డాక్టరు గారు". విదేశీ నంబర్లకి ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్ తప్పనిసరి. ముఖ్యమైన నలుగురివీ డైరెక్ట్ డయల్ విడ్జెట్‌గా మొదటి పేజీలో పెడితే ఫొటో నొక్కగానే కాల్ వెళ్తుంది.

సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీలో రక్తం గ్రూపు, వాడే మందులు, మీ నంబరు రాయండి. పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళే ఏర్పాటు పెడితే, ముందు కవర్ బటన్‌ని నొక్కేంత బిగుతుగా లేదని చూసుకోండి. పరీక్ష పేరుతో 112కి నిజంగా కాల్ పోనివ్వకండి.

8. ప్రకటనలు ఊడ్చెయ్యండి

ఇది వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. పెద్దవాళ్ళు ప్రకటననీ, ఫోన్ చెప్పే మాటనీ వేరు చెయ్యలేరు. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అని వస్తే అది ఫోనే చెబుతోందనుకుంటారు.

- లాక్ స్క్రీన్ మీద వార్తలు, బొమ్మలు మారుతూ వచ్చే గ్లాన్స్ లాంటివి ఆపండి.
- గేములు, షాపింగ్, కంపెనీ సొంత యాప్ స్టోర్ తీసెయ్యండి లేదా డిజేబుల్ చెయ్యండి. వాటి నోటిఫికేషన్లు ఎలాగూ ఆపండి.
- క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ పూర్తిగా ఆపండి. దొంగ వైరస్ హెచ్చరికలు ఎక్కువగా వచ్చేది ఈ దారిలోనే.
- "క్లీనర్", "బూస్టర్" యాప్‌లు ఏవీ వద్దు.
- "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" జాబితాలో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ అనుమతి లేదని చూడండి. పెళ్ళి శుభలేఖ, ట్రాఫిక్ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళకి (ప్లే స్టోర్ బయటి యాప్‌లకి) ఇదే గేటు.

9. వాట్సాప్

సెట్టింగ్స్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ వైఫై మీద ఫొటోలకి మాత్రమే ఉంచి, వీడియోలకి తీసెయ్యండి. గుడ్ మార్నింగ్ బొమ్మలతో స్టోరేజీ నిండే వేగం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ప్రైవసీలో గ్రూపులకి "మై కాంటాక్ట్స్", కాల్స్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా "సైలెన్స్" పెట్టండి. టూ స్టెప్ వెరిఫికేషన్ వేసి ఆ ఆరంకెలు నోట్‌బుక్‌లో రాయండి. బ్యాటరీ సెట్టింగ్స్‌లో వాట్సాప్‌ని "అన్‌రెస్ట్రిక్టెడ్" చెయ్యండి, లేకపోతే ఫోన్ దాన్ని నిద్రపుచ్చి వీడియో కాల్స్ మోగవు.

10. డబ్బు

యూపీఐ కావాలంటే పింఛను, ఎఫ్‌డీలు ఉన్న ఖాతాకి పెట్టకండి. ఐదు పది వేలు మాత్రం ఉండే వేరే ఖాతా తెరిచి దానికే పెట్టండి. ఇంకో దారి యూపీఐ సర్కిల్: ఖాతా మీది, చెల్లించేది వాళ్ళు. ప్రతి చెల్లింపూ మీరు ఒప్పుకుంటేనే వెళ్ళేట్టు పెట్టుకోవచ్చు. మీరు అమెరికాలో నిద్రపోయే వేళ ఇక్కడ కూరగాయల కొట్టు దగ్గర ఆగాల్సి వస్తుందన్నది గుర్తుంచుకుని ఎంచుకోండి.

తెల్ల కాగితం మీద మార్కర్‌తో ఇవి రాసి టీవీ పక్కన అంటించండి:

- డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు.
- ఫోన్లో అరెస్టు ఉండదు. పోలీసు, సీబీఐ అంటే పెట్టేసి పెద్దోడికి చెయ్యి.
- ఓటీపీ ఎవరికీ చెప్పను. మావాళ్ళకి కూడా ఫోన్లో చెప్పను.
- డబ్బు పోతే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930.

ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచే ఫోన్‌ని చూసి నడిపే యాప్ వెయ్యమని ఎవరైనా చెబితే అది మోసమే. దూరం నుంచి మీరు సాయం చెయ్యాలంటే వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ ఉంది, దాన్ని వాడండి. ఒక షరతు: కాల్ వాళ్ళే మీకు చెయ్యాలి. తమకి వచ్చిన ఏ కాల్‌లోనూ తెర చూపించకూడదని అలవాటు చెయ్యండి.

11. పనిచేస్తోందా, చూసుకోండి

ఇచ్చిన రోజే ఈ పనులు వాళ్ళ చేత చేయించండి. మీరు చేతులు కట్టుకోండి, నోరు కూడా.

1. మీరు వేరే గదిలోంచి కాల్ చెయ్యండి. ఎత్తాలి, మాట్లాడి పెట్టెయ్యాలి.
2. ఫొటో నొక్కి మీకు కాల్ చెయ్యాలి.
3. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాలి.
4. కాల్‌లో ఉండగా వాల్యూమ్ పెంచాలి.
5. యూట్యూబ్‌లోంచి మొదటి పేజీకి రావాలి.
6. ఛార్జింగ్ పెట్టి, ఎక్కుతోందో లేదో చూడాలి.

ఏది రెండుసార్లు తప్పితే దాన్ని మళ్ళీ నేర్పడం కన్నా సెట్టింగ్ మార్చడమే మేలు. ఎత్తడానికి బొమ్మని తొయ్యడం రాకపోతే, కాల్ సెట్టింగ్స్‌లో లేదా యాక్సెసిబిలిటీలో ఒక్క నొక్కుతో ఎత్తే ఏర్పాటు ఉందేమో వెతకండి.

వారం తర్వాత మళ్ళీ చూడాల్సినవి: కొత్త యాప్‌లేమైనా పడ్డాయా, స్టోరేజీ ఎంత నిండింది, ఏ యాప్ బ్యాటరీ తాగుతోంది, ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లోనే ఉందా.

తరచూ వచ్చే ఫిర్యాదులు, వాటి వెనక ఉండేవి

*"ఫోన్ మోగట్లేదు."* పక్క బటన్ నొక్కుకుపోయి సైలెంట్, లేదా డు నాట్ డిస్టర్బ్. రెండూ కాకపోతే బ్లూటూత్‌కి ఏదో తగులుకుని శబ్దం అటు పోతోంది.

*"నెట్ రావట్లేదు."* పైనుంచి దిగే ప్యానెల్‌లో డేటా లేదా ఏరోప్లేన్ మోడ్ తగిలింది. లాక్ స్క్రీన్ మీద ఆ ప్యానెల్ దిగకుండా ఆపే సెట్టింగ్ ఉంటే వెయ్యండి. రీఛార్జ్ అయిపోయి ఉండొచ్చు కూడా. ఏడాది ప్లాన్ వేస్తే ఆ గొడవ ఉండదు.

*"నేను నొక్కిందల్లా ఫోన్ చదువుతోంది, ఏదీ తెరుచుకోవట్లేదు."* చూపు లేనివాళ్ళ కోసం తెరని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ అయింది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఆగుతుంది. ఆన్ అయిందీ అలాగే. ఆగాక ఆ షార్ట్‌కట్ తీసెయ్యండి.

*"తెర నలుపు తెలుపు అయిపోయింది."* నిద్రవేళకి తెర రంగులు తీసేసే బెడ్‌టైమ్ మోడ్ ఆన్ అయింది, ఆపండి.

*"అవతలివాళ్ళ మాట సన్నగా వస్తోంది."* ఇయర్‌పీస్ జాలీలో పౌడరు, దుమ్ము. మెత్తని పొడి టూత్‌బ్రష్‌తో తుడవండి, సూది పెట్టకండి. టెంపర్డ్ గ్లాస్ ఆ జాలీని సగం కప్పేసి ఉందేమో కూడా చూడండి.

*"నాకు రావాల్సిన కాల్స్ ఇంకెవరికో వెళ్తున్నాయి."* ఎవరో ఏదో నంబరు కొట్టించి కాల్ ఫార్వర్డింగ్ పెట్టించారు. ##002# డయల్ చేస్తే అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి. అది చేశాక వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, తెలియనిదుంటే లాగౌట్ చెయ్యండి. బ్యాంకు ఖాతా కదలికలు కూడా అదే రోజు సరిచూడండి. డబ్బు కదిలి ఉంటే మాత్రం మొదటి పని 1930కి కాల్ చెయ్యడం, మిగతావన్నీ తర్వాతే.